‘అక్షరరమ్యత’ కంటికా, చెవికా?

పెనుకొండ వాసి: నిన్న హైవే మీద కియా హోర్డింగ్ చూసి మా అమ్మాయి “కేఎన్ అంటే ఏ కంపెనీ నాన్నా?” అనడిగింది. ఆ కార్లు తయారయ్యేది మా పక్కనే! 2021లో మార్చిన లోగోలో ఐ, ఏ కలిసిపోయి తిరగేసిన ఎన్‌లా కనిపిస్తాయి. అప్పట్నుంచి నన్నయ భారతంలోని “ఇతరు లక్షరరమ్యత నాదరింప” నోట్లో నానుతోంది, ముందుది గుర్తు రావట్లేదు. కారు ప్రకటనల్లో అక్షరాల అందానికి నన్నయ మాట వాడొచ్చా?

తెలుగు పంతులు: వద్దండీ. “సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి లో నారసి మేలునా” అన్నాక వస్తుందది. అక్కడ అక్షరం చెవికి సంబంధించింది, వర్ణాల కూర్పు. కంటికి ఇంపైనదాన్ని ‘అక్షరరూపం’ అనండి చాలు.

డీటీపీ ఆపరేటర్: పంతులుగారూ, 1959 నాటి ఫోక్స్‌వాగన్ కారు ప్రకటన ‘థింక్ స్మాల్’ చూడండి. ఆర్ట్ డైరెక్టర్ హెల్ముట్ క్రోన్ పేజీ దాదాపు ఖాళీగా వదిలేసి, పైన ఓ మూల చిన్న కారు పెట్టాడు. కింద ఫ్యూచురా టైపులో శీర్షిక రెండే మాటలు, ఆ పక్కన ఫుల్‌స్టాప్. ఆ చుక్క దగ్గర గొంతు దానంతటదే తగ్గుతుంది. కన్ను చూసింది చెవికి వినబడినట్టే కదా!

పాత ప్రతుల ప్రియుడు: చుక్క సంగతి సరే. పంతులుగారూ, ‘కలిత’ అన్నారేమిటి? మా తాతగారి ప్రతిలో ‘కథాకవితార్థయుక్తి’ అనే ఉంది.

తెలుగు పంతులు: ‘కలిత’ అండీ. విశ్వనాథవారు పుస్తకానికి పేరే ‘నన్నయగారి ప్రసన్న కథాకలితార్థయుక్తి’ అని పెట్టారు.

పాత ప్రతుల ప్రియుడు: విశ్వనాథ అంటే నాకూ ప్రాణమే. కానీ ఆయన పేరు పెట్టినంతలో పద్యంలో అసలు మాట ఏదో తేలిపోదు. ‘కలిత’ అయితే కథతో కూడిన అర్థం. ‘కవిత’ అయితే కథ వేరు, కవిత వేరు. కవీంద్రులు లోపల వెతికి మెచ్చేది ఏమిటన్నది ఆ ఒక్క అక్షరం మీదే ఉంది. రాసేవాడి చెయ్యి జారి ‘వి’ కాస్తా ‘లి’ అయిందని నా ఊహ.

డీటీపీ ఆపరేటర్: లి, వి అంత దగ్గరగా ఉండవండీ. ప, వ అంటే నమ్ముతాను. పకి తలకట్టు విడిగా ఉంటుంది, వకి అతుక్కుంటుంది. చిన్న సైజులో ఆ సందు పూడిపోతే ‘పని’ ‘వని’ అవుతుంది, ప్రూఫుల్లో రోజూ చూస్తాను. కియాకి జరిగిందీ అదే, రెండక్షరాల మధ్య సందు పోయింది.

పెనుకొండ వాసి: ఇంతకీ రమ్యత కంటికి చెప్పొచ్చా, వద్దా?

తెలుగు పంతులు: అది తర్వాత చూద్దాం. తాతగారి ప్రతి ఏ ముద్రణ? ఆ పేజీ ఫొటో పెట్టండి.