కార్తీకమాసంలో అమ్మను కాశీకి తీసుకెళ్లొచ్చా?

హన్మకొండ నుంచి (ప్రశ్న):
మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఏటా కార్తీకంలో వెయ్యిస్తంభాల గుడిలో దీపాలు పెడుతుంది. ఈసారి పౌర్ణమికి కాశీలోనే ఉండాలని పట్టుబట్టింది. తోడు నేనొక్కడినే. కాజీపేట నుంచి ఏ రైలు నయం? ఘాట్లలో అన్నీ మెట్లేనట, అదే టెన్షన్.

కాజీపేట నుంచి:
దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుంది. కాశీ లోపలికి పోదు, మొగల్‌సరాయిలో దిగాలి. 2018 నుంచి ఆ స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, టికెట్ మీద అదే ఉంటుంది. ఆటోలో గంగ వంతెన దాటితే ఊరే. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అప్పుడే లోయర్ బెర్త్ పట్టుకోండి.

కరీంనగర్ నుంచి:
తమ్ముడూ, అమ్మను తప్పకుండా తీసుకెళ్లు, పౌర్ణమికి మాత్రం వద్దు. ఆ రాత్రి అక్కడ దేవ్ దీపావళి. చూడ్డానికి రెండు కళ్లు చాలవు నిజమే, కానీ ఇసుక వేస్తే రాలనంత జనం, గదులు దొరకవు. మనకు నెల అమావాస్యతో అయిపోతుంది, ఉత్తరాది వాళ్లకు పౌర్ణమితో. పౌర్ణమి మర్నాడు వాళ్లకు మార్గశిరం వచ్చేస్తుంది, మనకేమో ఇంకా పదిహేను రోజులు కార్తీకమే. మా అత్తమ్మను నేను ఆ బహుళ పక్షంలోనే తీసుకెళ్లాను. జనం పలచబడ్డారు, ఆమె కార్తీక స్నానమూ ఆమెకు దక్కింది. సోమవారం ఒక్కటి తప్పించు.

కేదార్ ఘాట్ వైపు గది చూడు. తెలుగువాళ్ల ఆశ్రమాలు అటే ఉన్నాయి, మన అన్నం, పప్పు దొరుకుతాయి. కేదారేశ్వరుడి గుడికి ఘాట్ మెట్లు ఎక్కనక్కర్లేదు, పైనున్న సందులోంచి నేరుగా పోవచ్చు. లింగానికి నడిమధ్య గీత ఉంటుంది. మాంధాత అతిథికి సగం, తనకు సగం అని పంచిన పులగమే శివుడైందని అక్కడ చెబుతారు. విశ్వనాథుడి దగ్గర క్యూ నిలబడనివ్వదు. మా అత్తమ్మ తనివితీరా కూర్చుని దండం పెట్టుకుంది కేదారుడి దగ్గరే.

విశ్వనాథుడి గుడికి వేకువనే పోండి, గొదౌలియా రోడ్డు వైపు నుంచి. 2021లో తెరిచిన కారిడార్‌లో గంగ వైపు నుంచి వస్తే మెట్లెక్కాలి. ఫోన్ గదిలోనే పెట్టు. పక్కనే అన్నపూర్ణమ్మ. హారతికి అస్సీ ఘాట్ మేలు, దశాశ్వమేధంలో ఆ తోపులాటను మోకాళ్లు ఓర్వవు.

హన్మకొండ నుంచి:
అక్కా, నెలల లెక్క చెప్తే అమ్మ పంచాంగం తీసి చూసి ఒప్పుకుంది. ఇప్పుడు కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలంటోంది. నాకు అన్ని సెలవులు లేవు.

ధర్మపురి నుంచి:
బాబూ, మూడు నిద్రలు చేసి వచ్చేవాళ్లూ చాలామందే. అమ్మకు నచ్చజెప్పు. మీ నాన్నగారికి పిండప్రదానం చేసే ఆలోచన ఉంటే ఆశ్రమంలో ముందే మాట్లాడుకో, తెలుగు పురోహితులు దొరుకుతారు. కాలభైరవుణ్ణి చూడకుండా మాత్రం బయల్దేరకండి. ఆ సందు ఇరుకు, ఆదివారం, మంగళవారం బాగా రద్దీ, వేరే రోజు పెట్టుకో.