విచారణ కమిషన్ అడిగిన రహస్య ఫైలును ప్రభుత్వ శాఖ ఇవ్వనంటే ఏమవుతుంది?

ప్రశ్న (మిర్యాలగూడ అధ్యాపకుడు):

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తాను. మా తరగతికి దామరచర్ల మండలం నుంచి చాలామంది పిల్లలు వస్తారు. వీర్లపాలెం దగ్గర కట్టిన 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వాళ్ల ఊళ్ల పక్కనే ఉండటంతో, ఆ కేంద్రం నిర్మాణ నిర్ణయాల మీద, ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు మీద 2024లో రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిషన్ వేసినప్పటి నుంచి వాళ్లు ఆ వార్తలను వదలకుండా చదువుతున్నారు. మొన్న ఒక అమ్మాయి లేచి, "సార్, కమిషన్‌ను వేసేదీ ప్రభుత్వమే, ఫైళ్లు ఉండేదీ ప్రభుత్వం దగ్గరే. ఏదో ఒక శాఖ తన ఫైలు మీద రహస్యమని రాసి బీరువాలో పెట్టుకుంటే కమిషన్ ఏం చేయగలదు?" అని అడిగింది. విద్యుత్ కమిషన్‌లో అలా జరిగిందని ఆమె అనలేదు. నియమం ఏమిటో తెలుసుకోవాలన్నదే ఆమె ఆరాటం. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం పేరు చెప్పగలిగాను గానీ, ఆపైన నేను చెప్పినదేదీ ఆమెకు తృప్తినివ్వలేదు, నాకూ ఇవ్వలేదు. తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

జవాబు (నల్లగొండ న్యాయవాది):

అధ్యాపకుల వారికి నమస్కారం. మీ విద్యార్థిని సరిగ్గా కీలకమైన చోటనే పట్టుకున్నది. 1952 చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉన్న అధికారాలు కొన్ని ఉంటాయి: సాక్షిని పిలిపించి ప్రమాణం చేయించి విచారించవచ్చు, పత్రాలను హాజరుపరచమనవచ్చు, ఏ కోర్టు నుంచైనా, ఏ కార్యాలయం నుంచైనా ప్రభుత్వ రికార్డును గానీ దాని నకలును గానీ తెప్పించుకోవచ్చు. అయితే, సమాచారం ఇవ్వమని ఎవరినైనా ఆదేశించే అధికారాన్ని ప్రస్తావించే 5వ సెక్షన్‌లోనే, చట్టప్రకారం ఆ వ్యక్తి కోరగల మినహాయింపులకు లోబడి అనే మాట కూడా ఉంది. శాఖలు ఆశ్రయించేది ఆ మాటనే. రాజ్యవ్యవహారాలకు సంబంధించిన ప్రచురితం కాని రికార్డులను శాఖాధిపతి అనుమతి లేనిదే సాక్ష్యంగా ఇవ్వకూడదని పాత సాక్ష్యాధార చట్టంలోని 123వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ రక్షణ కొనసాగుతున్నది.

కానీ రహస్యమని చెప్పగానే విషయం ముగిసిపోదు. 1975లో రాజ్ నారాయణ్ కేసులో ప్రధానమంత్రి పర్యటనల భద్రతా నియమాలున్న "బ్లూ బుక్" గురించి వివాదం వచ్చినప్పుడు, పత్రాన్ని బయటపెట్టడం ప్రజాహితానికి భంగమా కాదా అన్నది తేల్చుకోవడానికి న్యాయస్థానం ఆ పత్రాన్ని తానే చూడవచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో న్యాయమూర్తుల నియామకానికి సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాలను కేంద్రం ఇవ్వనన్నప్పుడు, వాటిని తెప్పించి చూసి, బయటపెట్టమని ఆదేశించింది. అంటే కాగితం మీద ఉన్న ముద్ర ఒక అభ్యర్థన మాత్రమే. దాన్ని అంగీకరించాలా వద్దా అన్నది మరొకరు నిర్ణయించవలసిన విషయం. తన మీద విచారణ జరుగుతున్నప్పుడు ఆ నిర్ణయాన్ని శాఖే చేసుకోవడం ఎంతమాత్రం సమంజసం కాదని నా దృఢమైన అభిప్రాయం.

జవాబు (పాలమూరు రిటైర్డ్ ఉద్యోగి):

నేను మహబూబ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా రికార్డు గదుల్లోనూ సెక్షన్లలోనూ పనిచేశాను. చట్టం గురించి వకీలు గారు చెప్పారు కాబట్టి నేను కాగితం గురించి మాత్రమే చెబుతాను. రహస్య పత్రాన్ని పంపేటప్పుడు రెండు కవర్లు వాడతాం. లోపలి కవరు మీద "రహస్యం" అని రాసి, లక్కను కొవ్వొత్తి మంట మీద కరిగించి, అతుకుల మీద ఇత్తడి ముద్ర వేస్తాం. పై కవరు మీద చిరునామా తప్ప ఏమీ ఉండదు, దారిలో చూసినవారికి అది మామూలు టపాలాగానే కనిపించాలి. అది అందుకున్న అధికారి సంతకం చేసిన రసీదు మళ్లీ మా దగ్గరికి రావాలి. నేను ఈ పద్ధతిని ఎందుకు చెబుతున్నానంటే, రహస్య పత్రాన్ని ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి క్షేమంగా చేర్చే ఏర్పాటు ప్రభుత్వంలో ఎప్పటినుంచో ఉంది. ఎస్పీ గారి నుంచి కలెక్టరు గారికి వెళ్లగలిగిన కాగితం, అదే రసీదు మీద, అదే లక్క ముద్రతో, కమిషన్ కార్యదర్శికి ఎందుకు వెళ్లకూడదు?

ఇంకొక మాట. మా పాత రికార్డు కీపరు, మిసిల్ అని తప్ప ఫైలు అని ఏనాడూ అనని మనిషి, నాకు మొదటి రోజే ఒక సంగతి నేర్పారు: ఫైలులో కాగితం కంటే ముందు పేజీ నంబరు చూడాలి. నోటు ఫైలులో 41వ పేజీ తర్వాత 44వ పేజీ వస్తే, ఆ రెండు పేజీల్లో ఏముందో తెలియకపోయినా అవి ఉండేవని మాత్రం తెలుస్తుంది. కమిషన్లు మొట్టమొదట అడగవలసింది ఫైళ్లను కాదు, రిజిస్టర్లను. ఇన్వర్డు రిజిస్టరు, ఒక్కొక్క గుమస్తా చేతిలోని ఫైళ్లను రాసే పర్సనల్ రిజిస్టరు, రికార్డు గదిలో ఆర్.డిస్., డి.డిస్. జాబితాలు (పని ముగిసిన ఫైళ్లను ఎంతకాలం దాచాలో చెప్పే గుర్తులు అవి) చేతికి వస్తే, ఏ ఫైలు ఉందో, ఏది ఎవరి పేరు మీద బయటికి వెళ్లి తిరిగి రాలేదో కమిషన్‌కు దాదాపుగా తేలిపోతుంది. ఆ తర్వాత ఇవ్వనన్న ప్రతి ఫైలుకూ నంబరు, తేదీ, పేజీల సంఖ్య రాసి, ఎందుకు ఇవ్వడం లేదో శాఖ కార్యదర్శి స్థాయి అధికారి ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. నా సర్వీసులో ఒక విచారణలో నేనే చూశాను: ఒక కార్యాలయం "ఫైలు రహస్యం" అని రెండుసార్లు జవాబిచ్చి, మూడోసారి రిజిస్టరు అడిగితే, ఆ ఫైలు కనిపించడం లేదని ఒప్పుకున్నది. భూమి పోయిన రైతులు ఆ ఏడాదంతా మా వరండాలో కూర్చున్నారు. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ప్రశ్న అడిగినవారు (మిర్యాలగూడ అధ్యాపకుడు):

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పేజీ నంబర్ల సంగతి పిల్లలకు తప్పకుండా చెబుతాను. ఒక సందేహం మిగిలింది. నిజంగానే దేశభద్రతకు సంబంధించిన పత్రమైతే, కమిషన్‌కు ఇచ్చినా అది అక్కడి నుంచి బయటికి పొక్కితే నష్టమే కదా?

జవాబు (నల్లగొండ న్యాయవాది):

ఆ భయం న్యాయమైనదే, అందుకే ఇవ్వడానికీ ఇవ్వకపోవడానికీ మధ్య మార్గాలు ఉన్నాయి. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడులపై ఏర్పడిన కమిషన్‌కు అధ్యక్షుడి రోజువారీ గూఢచార నివేదికలను ఇవ్వడానికి శ్వేతసౌధం మొదట ఒప్పుకోలేదు. చాలా పెనుగులాట తర్వాత, కమిషన్ తరఫున కొద్దిమంది మాత్రమే వాటిని చదివి, రాసుకున్న నోట్సును శ్వేతసౌధానికి చూపించి తీసుకువెళ్లేలా రాజీ కుదిరింది. ఆ నివేదికల్లో 2001 ఆగస్టు 6 నాటిది 2004 ఏప్రిల్‌లో ప్రజలకే విడుదలైంది. అక్కడి ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ నుంచీ రక్షణ శాఖ నుంచీ పత్రాలు పూర్తిగా రానప్పుడు అదే కమిషన్ సమన్లు జారీ చేసి తెప్పించుకున్నది. మన దగ్గర ఫోన్లలోకి చొరబడే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో సుప్రీంకోర్టు నియమించిన సాంకేతిక కమిటీకి కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ నిండు కోర్టులో చెప్పవలసి వచ్చింది. ఏర్పాటు లేకపోవడం ఒకటి, ఉన్న ఏర్పాటును వాడకపోవడం మరొకటి. మన బాధ ఎక్కువగా రెండోదే.

జవాబు (షాద్‌నగర్ వాసి):

పెద్దలు కమిషన్‌లోకి వెళ్లే పత్రాల గురించి రాశారు. కమిషన్ నుంచి బయటికి వచ్చే నివేదిక కూడా రహస్యం కావచ్చునన్న సంగతిని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2019 డిసెంబరు 6న మా చటాన్‌పల్లి దగ్గర, ఒక యువతి అత్యాచారం, హత్య కేసులో ("దిశ" కేసు) నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఘటనపై సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్‌ను వేసింది. నివేదిక 2022 జనవరిలో సీల్డు కవరులో అందింది. దాన్ని అలాగే ఉంచాలని రాష్ట్ర ప్రభుత్వం వాదించినా, ఇందులో గోప్యం ఉంచవలసిందేమీ లేదని కోర్టు 2022 మే 20న దాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది. పది మంది పోలీసు అధికారులపై హత్యానేరం కింద విచారణ జరగాలని కమిషన్ సిఫారసు చేసినట్లు ఆ రోజే మాకు తెలిసింది. ఆ ఘటనకు ముందు వారంలో చనిపోయిన ఆడబిడ్డ కోసం ఏడ్చిన ఊళ్లు ఇవే, నారాయణపేట వైపు కొడుకులను పోగొట్టుకున్న ఇళ్లూ పాత మహబూబ్‌నగర్ జిల్లా నేల మీదివే. ఇద్దరికీ చెందవలసిన నిజం నాలుగు నెలలు కవరులో ఉండిపోయింది.

1952 చట్టం ప్రకారం నివేదికను తీసుకున్న చర్యల పత్రంతో సహా ఆరు నెలల్లో చట్టసభ ముందు పెట్టాలి. ఇందిరా గాంధీ హత్యపై జస్టిస్ ఠక్కర్ కమిషన్ నివేదిక వచ్చినప్పుడు, 1986లో చట్టాన్నే సవరించి, భద్రత పేరుతో నివేదికను సభ ముందు పెట్టకుండా ఉండే వెసులుబాటు తెచ్చుకున్నారు. 1990లో ఆ సవరణను తొలగించారు. అధ్యాపకుల వారు ఆ అమ్మాయికి ఈ రెండు సంవత్సరాలను కూడా చెప్పాలని మనవి.