అప్‌డేట్: తాళ్లపాక వెళ్లొచ్చాం

కడప నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చేలా, సంగీత చరిత్ర తెలిసే చోటు చెప్పమని మొన్న అడిగాను కదా. మీలో ఎక్కువమంది అన్నమయ్య పుట్టిన తాళ్లపాక అన్నారు. ఆదివారం నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం.

పొద్దున్నే రాజంపేట బస్సెక్కాం. దారిలోనే 108 అడుగుల అన్నమయ్య విగ్రహం. అక్కడ దిగి, ఎండ ముదరకముందే మెట్లెక్కాం. చేతిలో తంబూర చూసి మా ఆవిడ చాలాసేపు కదల్లేదు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకుని పెళ్లయ్యాక మానేసింది మరి.

ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి అరుగు మీద కూర్చున్నప్పుడు తనే చెప్పింది. తిరుమలలో దొరికిన అన్నమయ్య పాటల రాగిరేకుల మీద దాదాపు ప్రతి పాటకూ రాగం పేరు ఉందట, స్వరాలు మాత్రం లేవట. మనం ఇప్పుడు వినే బాణీలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవే. 1503లో పోయిన మనిషి గొంతు ఎలా పలికిందో ఎవరికీ తెలియదు. నాకు గుండె పట్టేసినట్టయింది.

తర్వాత తను మెల్లగా ఓ కీర్తన ఎత్తుకుంది. రెండో చరణంలో గొంతు జీరబోయింది, అయినా ఆపలేదు. పెళ్లయి పదకొండేళ్లలో తను పూర్తిగా పాడగా వినడం నాకు ఇదే మొదటిసారి.

చోటు చెప్పినవాళ్లందరికీ పేరుపేరునా థ్యాంక్స్. తంబూర శ్రుతి పెట్టె కొనాలనుకుంటున్నాం.