పాత బ్రిటిష్ రాక్షస సినిమాలు మీకెందుకు నచ్చుతాయి?

సెకండ్‌షో: హ్యామర్ కంపెనీ సినిమాలు వరసపెట్టి చూస్తున్నాను. ఇప్పటి లెక్కన భయం వేయదు, కానీ మధ్యలో ఆపబుద్ధి కాదు. మీకేం నచ్చుతుంది? మంచి ప్రింట్ ఏది? మా అబ్బాయికి పన్నెండేళ్లు, ముందు ఏది చూపించమంటారు?

గట్టుమీద: నాకు నటుడు పీటర్ కుషింగ్ ఒక్కడు చాలు. 1958 డ్రాక్యులా క్లైమాక్స్ చూడండి. డ్రాక్యులాను చంపడానికి పొడవాటి బల్ల మీద పరుగెత్తి, ఎగిరి కర్టెన్లు పీకేస్తాడు. ఎండ లోపలికొస్తుంది. రెండు కొవ్వొత్తి స్టాండ్లు అడ్డంగా పట్టి శిలువ చేస్తాడు. ఎదుటివాడి ముఖంలో ఆ ప్రాణభయం ఉంటేనే రాక్షసుణ్ణి నమ్ముతాం, మేకప్‌దేముంది.

నిశాచరి: మేకప్‌ను అంత తేలిగ్గా తీసెయ్యకండి. 1931లో యూనివర్సల్ కంపెనీ తీసిన ఫ్రాంకెన్‌స్టైన్‌లోని రాక్షసుడి ముఖాన్ని కాపీ కొట్టే వీల్లేకే 1957 హ్యామర్ సినిమాకి ఫిల్ లీకీ కొత్త ముఖం చేశాడు. పాలిపోయిన చర్మం, కుట్లు, చెడిన కన్ను. దాని వెనక క్రిస్టఫర్ లీ ఒక్క మాటా లేకుండా నటించాడు. 1966 డ్రాక్యులాలోనూ అంతే, డైలాగులు చెత్తగా ఉన్నాయని తనే పలకనన్నాడు.

పాతరీలు: మళ్లీ అదే పాట! అసలు డైలాగులే రాయలేదని ఆ సినిమా రచయిత జిమ్మీ శాంగ్‌స్టర్ చెప్పాడు. రాయనివాటిని ఎలా కాదంటాడండీ?

నిశాచరి: లీ ఎన్నిసార్లు చెప్పాడు! నటించినవాడికి తెలియదా?

పాతరీలు: రాసినవాడికి తెలియదా?

నిశాచరి: టైటిల్స్‌లో జాన్ శాన్సమ్ అని మారుపేరు వేసుకున్నాడు మీ రాసినవాడు. సొంత పేరే పెట్టుకోని మనిషి మాట పట్టుకుని లీని అబద్ధాలకోరు అంటారా?

పాతరీలు: నేను అనని మాట నాకు అంటగట్టకండి.

రంగులపని: ఇద్దరూ కాస్త ఆగండి. కలర్ గ్రేడింగే, అంటే సినిమా రంగులు సరిచేయడమే నా వృత్తి, ప్రింట్ సంగతి నేను చెప్తాను. 1958 డ్రాక్యులాలో కోతపడిన ముక్కలు జపాన్‌లో దొరికితే 2012లో కలిపారు. ఎండ తగిలాక డ్రాక్యులా తన ముఖం చర్మాన్ని తనే గోళ్లతో పీక్కునే షాట్ అందులోదే. కానీ బ్లూరేలో నీలం పులిమేశారు. కెమెరామన్ జాక్ ఆషర్ లైటింగ్‌లో రక్తం కళ్లు చెదిరేలా ఎర్రగా ఉండాలి. అది పాడుచేస్తే ఇక మిగిలేదేంటి?

గట్టుమీద: ఆ షాట్ దొరికిందే పదివేలు. నీలమైతే నీలం.

రంగులపని: ఇలా సరిపెట్టుకునేవాళ్ల వల్లే కంపెనీలకు భయం లేకుండా పోయింది.

సెకండ్‌షో: పిల్లాడి సంగతి ఎవరూ చెప్పలేదు.

నిశాచరి: 1959 మమ్మీ. బురదగుంటలోంచి లీ నిలువుగా లేచొస్తాడు. ఒళ్లంతా కట్లు, నటించడానికి మిగిలినవి కళ్లే. ఆ కళ్లలో ఎంత బాధో! పిల్లలకు భయం కన్నా జాలి ముందు కలుగుతుంది.

పాతరీలు: ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్ కూడా బావుంటుంది. హ్యామర్ వాళ్ల బ్రే స్టూడియోలో వేసిన ఆ పల్లె సెట్‌లోనే రెప్టైల్ అనే సినిమా కూడా తీశారు, రెండూ 1966వే. పక్కపక్కన పెట్టి చూస్తే అదే వీధి గుర్తుపట్టొచ్చు. కాకపోతే జాంబీస్‌లో కల సీను ఒకటుంది, సమాధుల్లోంచి మట్టి తోసుకుంటూ చేతులు పైకొస్తాయి. అది ముందు మీరు చూసి, తర్వాత అబ్బాయికి చూపించండి.