‘నిదానముల్ చదువులయ్యా?’: ఒక పద్యం, ఒక ఎనిమిదో తరగతి

గుంపులో వారం రోజులుగా నడిచిన ఈ చర్చ పైకీ కిందకీ పోయి చిందరవందరైంది. కొత్తగా చేరినవాళ్లు “అసలు గొడవేమిటండీ” అని అడుగుతున్నారు. మొదలుపెట్టింది నేనే కాబట్టి అంతా ఒకచోట కూర్చి పెడుతున్నాను. పేర్లొద్దని కొందరన్నారు, అందుకని వాళ్లుండే విశాఖ పేటల పేర్లు పెట్టాను.

ముందు పద్యం. కాళహస్తీశ్వర శతకంలోది, ధూర్జటిది:

ఏ వేదంబు పఠించె లూత? భుజగం బే శాస్త్రముల్ సూచెఁ? దా
నే విద్యాభ్యసనం బొనర్చెఁ గరి? చెంచే మంత్ర మూహించె? బో
ధావిర్భావ నిదానముల్ చదువులయ్యా? కావు, మీ పాద సం
సేవాసక్తియె కాక జంతుతతికిన్ శ్రీకాళహస్తీశ్వరా!

లూత అంటే సాలెపురుగు. సాలెపురుగు, పాము, ఏనుగు కలిస్తే శ్రీ, కాళ, హస్తి. ఊరి పేరే అది. చెంచు అంటే తిన్నడు, మన కన్నప్ప.

ఇక జరిగింది చెబుతాను. కార్తీక సోమవారం సాయంత్రం సీతమ్మధార వైపు ఒక గుడి మండపంలో ప్రసంగం. ఫ్లెక్సీ మీద వక్తగారి పేరుకు ముందు డాక్టర్, వెనక మూడు డిగ్రీలు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనాయన. గొంతు బంగారం. పద్యాన్ని రాగం తీసి పాడారు. అర్థం దగ్గరికొచ్చి, “చదువుల వల్ల జ్ఞానం నిదానంగా వస్తుంది, స్వామి సేవ చేస్తే వెంటనే వస్తుంది, ఇదీ కవి హృదయం” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, దాచడమెందుకు.

వెనక స్తంభానికి జారబడి కూర్చున్న పెద్దాయన లేచారు. పోర్టులో కలాసీగా చేసి మానేసిన మనిషి, మా వీధి చివరే ఉంటారు. ఒక చేతిలో పులిహోర దొన్నె అలాగే ఉంది. “బాబూ, ఏటీ అనుకోకండి. ఇక్కడ నిదానమంటే మెల్లగా అని కాదు కదండీ, కారణం అని కదండీ. మా తాత నాటువైద్యం చేసేవోడు. రోగం నిదానం తెలీకుండా మందెయ్యకురా అనీవోడు” అన్నారు.

వక్తగారు చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. నిర్వాహకుల్లో ఒకాయన మాత్రం మైకు అందుకుని, “తమరేం చదువుకున్నారండీ?” అన్నారు.

“ఎనిమిది.”

“కూర్చోండి మరి.”

కూర్చున్నారు. పులిహోర తినడం మొదలుపెట్టారు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే పెద్దాయన మాటే నిజం. అప్పుడు గుంపులో రెండు ప్రశ్నలు పెట్టాను. ఒకటి, మూలకారణం అనే అర్థం నుంచి నిదానం ‘మెల్లగా’ ఎలా అయింది? రెండు, దేవుడి గురించి మాట్లాడుకునే చోట “ఏం చదువుకున్నారు” అని అడగొచ్చా?

పెదవాల్తేరు: (ఈవిడ సంస్కృతం ఎమ్మే, పాఠాలు చెబుతారు.) నిదానం అంటే మూలకారణమే, సందేహం లేదు. వైద్యంలో మాధవనిదానం అని గ్రంథముంది, రోగాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్పేది. పెద్దాయన తాతగారి మాట సరిగ్గా ఆ దారిలోదే. ‘మెల్లగా’ ఎలా వచ్చిందంటే, ఇది నా ఊహ మాత్రమే: కారణం వెతకాలంటే ఆగి చూడాలి. పాత కావ్యాల్లో ‘నిదానించి చూచె’ అంటే పరకాయించి చూశాడని. ఆగి చూసేవాడు తొందరపడడు కదా, అలా తొందరపడకపోవడమే మిగిలిపోయి ఉంటుంది. ఇంకొక సంగతి. ఈ పద్యం చాలామందికి మూడో పాదంలోనే తప్పిపోతుంది. ‘బోధావిర్భావ’ అంటే జ్ఞానం పుట్టడం; అందులో ‘బోధ’ అనే మాట రెండు పాదాల మధ్య విరిగింది: ‘బో’ పైన, ‘ధ’ కింద. పాడేవాళ్లు ‘ఊహించెఁ బో’ అని ఆపేస్తారు. పాత తెలుగులో ‘సుమా’ లాంటి ‘పో’ ఒకటుంది, ద్రుతం (మాట చివరి ‘న్’) తర్వాత అది ‘బో’ అవుతుంది కూడాను! అందుకని అక్కడ ఆగితే చెవికి తప్పనిపించదు. ఇక కింద మిగిలేది ‘ధావిర్భావ’. దానికి అర్థం లేదు కాబట్టి నిదానాన్ని పట్టుకుని నెట్టుకొస్తారు.

(ఇది చదివాక వక్తగారి మీద నా కోపం సగం తగ్గింది. పాటలో పడి పదం పోయింది, అంతే.)

అక్కయ్యపాలెం: అక్కా, ఇంత లెక్కలు ఎందుకు? పద్యమే చెబుతోంది కదా చదువులు దండగ అని. భక్తుడికి తెలిసింది పండితుడికి తెలియదు. డిగ్రీలున్నవాళ్లు దేవుడి జోలికి రాకపోతే చాలు.

దీనికి ముప్పైమంది దాకా చేతులెత్తి దండం పెట్టారు. నాకు నచ్చలేదు. ఆ రాత్రే జవాబు రాశాను, ఇక్కడ కాస్త కుదించి పెడుతున్నాను: తమ్ముడూ, పెద్దాయన నెగ్గింది భక్తితో కాదు. ఆయనకు ఆ మాట తెలుసు. తాత దగ్గర విన్నారు, గుర్తుపెట్టుకున్నారు, సమయానికి తీశారు. దాన్నే చదువంటారు, కాగితం లేదు అంతే. ఇక ధూర్జటి ‘చదువులు కావు’ అనడానికి ఏం వాడాడో చూడు. శార్దూలమనే వృత్తం. పాదానికి పందొమ్మిది అక్షరాలు, పదమూడో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘వ’. చదువు దండగనుకున్నవాడు ఇంత కొలత కొలవడు. ఆయన కాదన్నది బోధ పుట్టడానికి చదువు కారణమనే మాటను. పద్యానికి అర్థం చెప్పడానికి చదువక్కర్లేదని ఎక్కడన్నాడు?

ఎంవీపీ కాలనీ: ఒక్క మాట. ‘జంతుతతికిన్’ అన్నాడు గమనించారా? జంతువుల గుంపుకి చదువు అక్కర్లేదన్నాడు. మనుషులకు కావాలన్నట్టే కదా!

పెదవాల్తేరు: బాగుంది కానీ, అయ్యా, చెంచు మనిషే కదా. జంతువంటే పుట్టినది, ‘జన్’ ధాతువు. ‘జంతూనాం నరజన్మ దుర్లభం’ అని వినే ఉంటారు. జంతువుల్లో మనుష్యజన్మ దొరకడం కష్టమని దానర్థం. అంటే మనమూ ఆ లెక్కలోనే.

ఎంవీపీ కాలనీ: ఎమ్మే చేసినవారు చెబితే ఇక ఏముంది, ఒప్పుకున్నాం.

పెదవాల్తేరు: ఎమ్మే చూసి ఒప్పుకోకండి. చెంచును చూసి ఒప్పుకోండి.

ఈ జవాబు నేను రెండుసార్లు చదివాను.

గోపాలపట్నం: భూమికి పట్టా ఉంటుంది, డిగ్రీకీ పట్టా అనే అంటాం. భక్తికి పట్టా ఎవరిస్తారండీ, తహసీల్దారా? మేం సింహాచలం కిందే ఉంటాం. ఆషాఢ పున్నమికి గిరిప్రదక్షిణకు జనం ముప్పైరెండు కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడుస్తారు. మా వీధి మీదుగానే పోతారు. మజ్జిగ గ్లాసు అందిస్తూ “మీ క్వాలిఫికేషన్ ఏంటి” అని నేనెప్పుడూ అడగలేదు.

పాత పోస్టాఫీసు: (టీచరమ్మ. రాస్ హిల్ దిగువన ఇల్లు, మాట్లాడితే కుదురుగా మాట్లాడతారు.) మా బైబిల్లో కూడా ఈ తగువుంది. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో పెద్దల సభ పేతురునీ యోహానునూ నిలబెడుతుంది. వాళ్ల ధైర్యం చూసి, వీళ్లు ‘విద్యలేని పామరులు’ అని గ్రహించి ఆశ్చర్యపడతారు. మీ గుడిలో “ఏం చదువుకున్నారు” అన్నాయన గుర్తొచ్చాడు. మా వాళ్లు ఈ వచనాన్నే పట్టుకుని, పాస్టరుకు వేదాంత కళాశాల ఎందుకు, ఆత్మ ఉంటే చాలు అంటారు. కానీ అదే పుస్తకంలో పౌలు ఉన్నాడు. గమలీయేలు పాదాల దగ్గర పెరిగానని తానే చెప్పుకుంటాడు. పామరుడూ పండితుడూ ఇద్దరూ ఆ పుస్తకంలో ఉన్నారు, ఒకరి కోసం ఒకరిని తీసెయ్యలేదు. ఇంకోటి. 1805లో లండన్ మిషన్ వాళ్లు ఇద్దరు ఈ ఊరే వచ్చారు. క్రాన్, డెగ్రాంజెస్ అని. సువార్త చెప్పాలన్న తపన వాళ్లకు బోలెడు. అయితే తెలుగు రావాలి కదా! ముందు కూర్చుని భాష నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే తెలుగు తెలిసినాయన పక్కన ఉంటేనే సువార్తల తర్జుమా సాగింది. విశ్వాసం ఎంతున్నా విభక్తి ప్రత్యయాలు వాటంతటవి రావండీ.

భీమిలి: మాస్టారిగా ఒక చిన్న చేర్పు. నిదానం అనే మాట మన బీచ్ రోడ్డు పక్కనే ఉంది. తొట్లకొండ, బావికొండల మీద ఒకప్పుడు ఉన్న బౌద్ధ భిక్షువులకు పన్నెండు నిదానాలు నోటికొచ్చి ఉంటాయి. దుఃఖం ఎక్కడ మొదలై ఎలా పెరుగుతుందో చెప్పే గొలుసు అది. గొలుసులో మొదటిది ఏమిటో తెలుసా, అవిద్య. అదేమో డిగ్రీ లేకపోవడం కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడం. ఆ లెక్కన మైకు పట్టుకున్నాయన అవిద్యలో ఉన్నాడు, దొన్నె పట్టుకున్నాయన కాదు.

అక్కయ్యపాలెం: మాస్టారూ, కొట్టేశారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం క్వార్టర్స్: మరీ డిగ్రీలను చులకన చెయ్యకండి. మేమూ బతకాలి. గిడుగు రామమూర్తిగారు సవర భాష మొదలుపెట్టినప్పుడు ఆ భాషలో ఆయనకు పట్టా ఎవరిస్తారు? సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, నిఘంటువు రాశారు, వ్యాకరణం రాశారు. మా విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది 1938లో. పని ముందు, బిరుదు వెనక. నాకు పీహెచ్‌డీ ఉంది. దానివల్ల నాకు వచ్చిందేమిటంటే, నా మాటను నలుగురు తప్పుపట్టబోతే వాళ్లను కూర్చోమనకుండా వినడం. అది రాకపోతే కాగితం మీద రంగు ముద్ర మాత్రమే వచ్చినట్టు.

ఇక్కడితో సరిపోయేది. కానీ ఎవరో “రిజర్వేషన్ లేని భక్తి” అని మొదలుపెట్టి చర్చను ఎక్కడికో తీసుకుపోయారు. వాటిని తీసేశాను, అడ్మిన్ కూడా సరే అన్నారు.

నా మాట ఒకటి మిగిలింది. “ఏం చదువుకున్నారు” అనే ప్రశ్న తప్పు కాదు. “ఈ మాటకు ఈ అర్థం మీకెక్కడ దొరికింది” అనే ప్రశ్నకు బదులుగా దాన్ని అడగడం తప్పు. ఆ సాయంత్రం నిర్వాహకుడు రెండోది అడిగి ఉంటే పెద్దాయన వాళ్ల తాత గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పేవారు, మనమూ వినేవాళ్లం. అలాగని దేవుడు నాకు కనిపించాడని ఎవరైనా అంటే, నిఘంటువు పట్టుకుని వెళ్లి నిలదియ్యడానికి నాకు హక్కు లేదు. ‘పద్యంలో ఇలా ఉంది’ అన్నారా, అప్పుడు మాత్రం డాక్టరుగారినైనా కలాసీగారినైనా చూపించమంటాను.

ఆదివారం పొద్దున సీతమ్మధార రైతుబజారులో పెద్దాయన కనిపించారు. కంద దుంప బేరం చేస్తున్నారు. మీ గురించి గుంపులో వారం రోజులుగా మాట్లాడుకుంటున్నామని చెప్పాను. సంచి కింద పెట్టి, “నా గురించేటమ్మా” అని నవ్వారు. తర్వాత కాస్త ఆగి అడిగారు:

“బాగా సదువుకున్నోళ్లు ఉన్నారా తల్లీ అందులో?”

“ఉన్నారు బాబాయ్, చాలామంది.”

“అయితే ఓ మాట కనుక్కో. ‘శాస్త్రముల్ సూచె’ అనాలా, ‘చూచె’ అనాలా? మా తాత సూచె అనీవోడు. మేం ఎలాగూ అన్నీ ‘స’తోనే అంటాం గదా, అది మా యాసో పద్యమో నాకిప్పటికీ తెలీదు.”

గుంపులో పెట్టాను. పది నిమిషాల్లో పెదవాల్తేరు నుంచి జవాబు: “సూచె. ప్రథమావిభక్తి మాట మీద పరుషాలకు (క చ ట త ప) గ స డ ద వలు వస్తాయి, చ పోయి స వచ్చింది. యాస కాదు, వ్యాకరణమే. వాళ్ల తాతగారు సరిగ్గానే నేర్పారని చెప్పండి.”

సాయంత్రం వెళ్లి చెప్పాలి.