సర్వేలో పిల్లలు నిజం రాయాలంటే ఏం చేయాలి? హైస్కూల్లో సర్వే చేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

బడిగంట

అందరికీ నమస్తే. నేను జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను, దాంతోపాటే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. 8, 9 తరగతుల పిల్లలు బడి ఎందుకు మానుతున్నారు, క్లాసులో ఒకరినొకరు ఏడిపించుకోవడం ఎంత ఉంది అన్నది టాపిక్. ప్రశ్నావళి రాసుకున్నాను, గైడ్ చూసి సరే అన్నారు. మొన్న మా బళ్లోనే ఒక సెక్షన్‌లో 42 మందితో పైలట్, అంటే అసలు సర్వేకి ముందు చిన్న ట్రయల్, చేశాను.

"నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నారా?" అన్న ప్రశ్నకి 39 మంది "లేదు" అని టిక్ పెట్టారు. ఆ ముందు రోజే అదే క్లాసులో ఒక పిల్లాడి చెప్పులు గోడ అవతలికి విసిరేస్తే వాడు ఏడ్చుకుంటూ వచ్చి నాకే చెప్పుకున్నాడు. వాడి పేపర్ ఏదో నాకు తెలిసిపోయింది, క్లాసు మొత్తంలో ఆకుపచ్చ పెన్నుతో రాసేది వాడొక్కడే. వాడు కూడా "లేదు" అనే పెట్టాడు. మధ్యలో ఒకమ్మాయి లేచి "సార్, ఏది పెడితే కరెక్టు?" అని అడిగింది. ఇంటికొచ్చి ఆ కాగితాలు ముందేసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇదే ప్రశ్నావళి పట్టుకుని 12 బళ్లకి వెళ్లాలి. ఎక్కడ తప్పు జరిగింది?

ఏలేరు గట్టు

సార్, పేపర్లు మీరే పంచారా? మీరే క్లాసులో ఉన్నారా? అయితే ముందు అదే మార్చండి. రేపు మార్కులు వేసేది మీరే, ఇంటికి కబురు పెట్టేదీ మీరే, వాళ్లు మీకెందుకు రాస్తారు? నేను తొమ్మిదేళ్లు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా తిరిగాను, ఎక్కువగా బళ్లలోనే. టీచర్ గదిలో ఉన్న రోజు వచ్చే జవాబులు వేరు, బయటికెళ్లిన రోజు వచ్చేవి వేరు. వెనక కుర్చీలో మౌనంగా కూర్చున్నా సరే, పిల్లల చూపు అటే పోతుంది.

మేం చేసేది ఇదీ. బెంచీకి ఇద్దరే. మధ్యలో బ్యాగు నిలబెట్టడం, పక్కోడి పేపర్ కనపడకుండా. పేపర్ మీద పేరు, రోల్ నంబర్ ఏవీ ఉండవు. అయిపోయాక ఎవరి పేపర్ వాళ్లే మడిచి అట్టపెట్టెలో వేస్తారు. ఆ పెట్టెకి వాళ్ల ముందే టేప్ వేస్తాం, ఆ బళ్లో తెరవం.

ఆకుపచ్చ పెన్ను సంగతి చెప్పారు చూడండి, మీరు గుర్తుపట్టగలిగారంటే మీరు గుర్తుపడతారని వాడికీ తెలుసు. మేం అందరికీ ఒకే రకం పెన్సిల్ ఇచ్చేవాళ్లం, అయ్యాక వాళ్లకే వదిలేసేవాళ్లం. 12 బళ్లకి పెద్ద ఖర్చేం కాదు.

పదాలపెట్టె

ప్రశ్నావళి తెలుగులో మీరే రాశారా, ఇంగ్లిష్ నుంచి దించారా? దించితే అందులో సగం తప్పులు అక్కడే ఉంటాయి. నేను ఇలాంటివి అనువాదం చేస్తుంటాను కాబట్టి చెప్తున్నా.

"ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు" అని నాలుగు గళ్లు ఇస్తారు. మొదటి గడిలోనూ ఎప్పుడూ, చివరి గడిలోనూ ఎప్పుడూ. గబగబా చదివే పిల్లలు మొదటి మాట చూసి టిక్ కొట్టేస్తారు. "రోజూ, వారంలో రెండు మూడు సార్లు, నెలలో ఒకట్రెండు సార్లు, ఒక్కసారి కూడా లేదు" అని రాయండి, లెక్కకి అందుతుంది.

రెండోది, "నాకు లెక్కలంటే భయం లేదు" అని రాసి కింద అవును, కాదు అని ఇవ్వడం. భయం లేనివాడు "అవును, లేదు" అనుకుని అవును పెడతాడు. భయం ఉన్నవాడు "అవును, ఉంది" అనుకుని అదే అవును పెడతాడు. లెక్క పెట్టేటప్పుడు ఈ ఇద్దరూ ఒకే కుప్పలో పడతారు. లేదు, కాదు అన్న మాటలతో ముగిసే వాక్యాలన్నీ తీసేయండి.

ఇంకోటి, ఆందోళన. నేను ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి ఈ మాటకి అర్థం ఏంట్రా అంటే ముగ్గురు ధర్నా అన్నారు, ఒకడు బస్సులు ఆపేయడం అన్నాడు. పేపర్లో వాళ్లు చూసే ఆందోళన అదే కదా. టెన్షన్ అని రాస్తే అందరికీ తెలుసు. కుంగుబాటు అంటే చాలామందికి తెలీదు, "ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం" అంటే తెలుస్తుంది. ప్రశ్న రాశాక ఐదుగురు పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టుకుని "ఇది చదివితే నీకేం అర్థమైంది, నీ మాటల్లో చెప్పు" అని అడగండి. గైడ్ ఓకే అనడం కంటే ఇది ముఖ్యం.

డైట్ బ్యాచ్ 2

నేను డైట్‌లో (టీచర్ ట్రైనింగ్ కాలేజీ) ఉండగా అసర్ సర్వేకి వాలంటీర్‌గా వెళ్లాను, పల్లెల్లో పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే సర్వే అది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005 నుంచి చేస్తున్నారు, మొదట ఏటా, తర్వాత ఏడాది విడిచి ఏడాది. అది బడిలో చేసే సర్వే కాదు, ఇళ్లకి వెళ్లి చేస్తాం. ఊరిని నాలుగు భాగాలు చేసుకుని ఒక్కో భాగంలో 5 ఇళ్లు, అలా ఊరికి 20. శని ఆదివారాల్లో వెళ్తాం, పిల్లలు ఇంట్లో దొరుకుతారని. సర్కారు బడి పిల్లలు, ప్రైవేటు పిల్లలు, అసలు బడికే పోనివాళ్లు ముగ్గురూ దొరికేది ఇంటి దగ్గరే.

మాకు ఒక చిన్న కాగితం ఇచ్చేవాళ్లు, అందులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ముందు పేరా చదివిస్తాం, అది వస్తే కథ, రాకపోతే పదాలు, అదీ రాకపోతే అక్షరాలు. ఒక్కో పిల్లతో విడిగా, నోటితో. అరుగు మీద కూర్చుని ఐదో తరగతి పాప ఆ పేరా దగ్గర ఆగిపోయి వేలు అక్షరం మీద పెట్టి మా ముఖం చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అదే పిల్లకి క్లాసులో ప్రశ్నావళి ఇస్తే పక్కోళ్లని చూసి టిక్కులు పెట్టేసేది, ఆ పిల్లకి చదవడం రాదని మనకెప్పటికీ తెలిసేది కాదు.

కాబట్టి సార్, 8, 9 తరగతుల్లో కూడా సరిగ్గా చదవలేనివాళ్లు ఉంటారు. ఒకరు ముందు నిలబడి ప్రశ్న గట్టిగా చదవాలి, అందరూ టిక్ పెట్టాక తర్వాతది.

పడమటి కర్నూలు

మీ టాపిక్ బడి మానడం అంటున్నారు. సర్వే చేసే రోజు ఎవరు మానారో వాళ్లే కదా మీకు కావాల్సింది? వాళ్లు ఆ రోజు క్లాసులో ఉండరు!

మా వైపు ఆదోని, కోసిగి చుట్టుపక్కల ఊళ్లలో పంట పనుల సీజన్ వస్తే ఇళ్లకి తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తి తీతకి, మిరపకాయల కోతకి కుటుంబం మొత్తం పోతుంది, పిల్లలూ వెంటే. రిజిస్టర్‌లో పేరుంటుంది, బెంచీ ఖాళీ. ఆ నెలల్లో ఎవరైనా వచ్చి సర్వే చేస్తే మా బడి పిల్లలందరికీ చదువంటే చాలా ఇష్టం అని తేలుతుంది, ఎందుకంటే మిగిలింది వాళ్లే. నాకు ఈ విషయంలో కడుపు మండుతుంది, ఆ పోయిన పిల్లల గురించి ఎవరూ ఏదీ రాసుకోరు.

జూలైలో ఒకసారి, జనవరి ఫిబ్రవరిలో ఒకసారి రండి. రెండోసారి వచ్చినప్పుడు లేనివాళ్ల లిస్టు తీసుకుని కనీసం పది ఇళ్లకి నడవండి. తాత, అమ్మమ్మ ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లు చెప్తారు.

లెక్కలమాస్టారు

పైన చెప్పినదానికి ఒక మాట కలుపుతా. హాజరు గురించి అడగకండి, లెక్కపెట్టండి. "నెలలో ఎన్ని రోజులు మానావు" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, పెద్దవాళ్లం మనమే చెప్పలేం. 2003లో దేశవ్యాప్తంగా టీచర్ల హాజరు మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది, చెప్పాపెట్టకుండా బడికి వెళ్లి ఎవరున్నారో చూసుకున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో కారణం ఏదైనా నలుగురిలో ఒకరు ఆ రోజు లేరు. టీచర్‌గా నాకు ఆ అంకె బాధగానే ఉంటుంది, కానీ రిజిస్టర్ చూసో ప్రశ్నలు అడిగో అయితే అది బయటపడేది కాదు. మీరూ చెప్పకుండా మూడు వేర్వేరు రోజులు వెళ్లి తలలు లెక్కపెట్టండి.

హాస్టల్ జ్ఞాపకం

నేను టీచర్‌ని కాను, సర్వే రాసినవాణ్ణి. ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. మొదటి సంవత్సరంలో ఎవరో వచ్చి ఒత్తిడి మీద ప్రశ్నలు పంచారు. వాళ్లు రావడానికి ముందు రోజు స్టడీ అవర్‌లో ఇన్‌చార్జి వచ్చి "అన్నిటికీ బాగుంది అని పెట్టండి, కాలేజీ పరువు పోకూడదు" అని చెప్పి వెళ్లాడు. ఆ టైమ్‌కి నాకు పది రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపొస్తుందని ఫోన్ చేయడమే మానేశాను. "నువ్వు హాయిగా నిద్రపోతున్నావా" అన్న ప్రశ్న దగ్గర పెన్ను పెట్టి ఆగాను. ఇన్‌చార్జి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "అవును" అని పెట్టాను.

ఆ రోజు ఒక్కరైనా పక్కకి పిలిచి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి అనిపిస్తుంది. సార్, మీరు వెళ్లే రోజు ముందుగా హెచ్‌ఎంకి తప్ప ఎవరికీ చెప్పకండి.

వినేచెవి

తమ్ముడూ, ఇది ఇక్కడ రాసినందుకు థాంక్స్. నేను స్కూల్ కౌన్సెలర్‌ని. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 6 నుంచి 12 తరగతుల పిల్లలతో మానసిక ఆరోగ్యం మీద సర్వే చేశారు, 3.79 లక్షల మంది. పేరు రాయాలా వద్దా అన్నది పిల్లల ఇష్టానికే వదిలారు. టెన్షన్‌కి కారణం చదువు, పరీక్షలు, రిజల్ట్స్ అని 81 శాతం మంది చెప్పారు. పేరు అక్కర్లేదంటే పిల్లలు ఎంత చెప్తారో అక్కడే కనపడుతుంది.

కానీ బడిగంట గారూ, ఒకటి జాగ్రత్త. ఏడిపించడం గురించి అడిగినప్పుడు ఏదో ఒక పేపర్లో అంతకంటే పెద్ద విషయం రాసి ఉండొచ్చు. నాకు ఒకసారి కాగితం వెనక పెన్సిల్‌తో రెండు లైన్లు దొరికాయి, పేరు లేదు, 60 మందిలో ఎవరో తెలీదు. ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలపడం తప్పనిసరి, కాబట్టి "ఏం రాసినా ఎవరికీ చెప్పం" అని మాట ఇవ్వకండి. "నీకు లేదా ఇంకొకరికి ప్రమాదం ఉందని తెలిస్తే సాయం చేసేవాళ్లకి చెప్తాం" అని ముందే చెప్పండి. ప్రతి పిల్లకీ ఇంటికి తీసుకెళ్లే చిన్న చీటీ ఇవ్వండి, అందులో పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. తల్లిదండ్రుల సంతకం తీసుకున్నా సరే, పిల్లని కూడా "నీకు ఇష్టమేనా?" అని అడగాలి, వద్దంటే ఖాళీ పేపర్ పెట్టెలో వేసే వీలుండాలి.

సుద్దముక్క

అందరూ బాగానే చెప్తున్నారు కానీ నేను కొంచెం కఠినంగా మాట్లాడతా. మా బడికి ఈ ఏడాది నాలుగు సర్వేలు వచ్చాయి. ప్రతిసారీ ఒక పీరియడ్ పోతుంది, ఒక్కోసారి రెండు. ఇప్పటిదాకా ఒక్కరు కూడా తిరిగొచ్చి "మీ పిల్లలు ఇది చెప్పారు" అని చెప్పలేదు. పిల్లలు అడుగుతారు, మేడమ్ ఆ రోజు రాసింది ఏమైంది అని. నా దగ్గర జవాబు లేదు. వెనక్కి రాని సర్వే మా బడికి వద్దని ఈసారి హెచ్‌ఎం గారికి చెప్పేశాను.

ఏలేరు గట్టు

మేడమ్ అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లది ఒక అధ్యయనం ఉంది, 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. మన పిల్లలు మూడు వేల మందిని, కొందరిని ఏడాది వయసు నుంచి, కొందరిని ఎనిమిదేళ్ల నుంచి, పెద్దయ్యేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి కలిశారు. మొదట ఇళ్లలోనే అడిగేవాళ్లు, బడి లోపల ఏం జరుగుతుందో దాంతో తెలీట్లేదని 2010-11లో విడిగా బడుల సర్వే కలిపారు. అదే పిల్లల దగ్గరికి మళ్లీ వెళ్తే రెండోసారి తలుపు తీసే తీరే వేరుగా ఉంటుంది. మనం అంత చేయలేకపోవచ్చు, కానీ నెల తర్వాత ఒక్క పీరియడ్ వెళ్లి బోర్డు మీద "మీలో ఇంతమంది ఇలా చెప్పారు" అని రాసి రావొచ్చు.

బడిగంట

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు వారాలు పట్టింది, అందుకే ఆలస్యం.

ప్రశ్నలు 54 ఉండేవి, 26కి తగ్గించాను. "లేదు"తో ముగిసేవన్నీ తీసేశాను. "ఏడిపించడం" అని ఒకే మాట కాకుండా "ఈ నెలలో నీ వస్తువు ఎవరైనా లాక్కున్నారా, దాచారా, విసిరేశారా?", "నీ ఒంటి రంగు గురించో మీ ఇంటి గురించో వెక్కిరించారా?" అని విడివిడిగా రాశాను. పక్క మండలంలో నేను చదువు చెప్పని బళ్లో పైలట్ చేశాను. ప్రశ్నలు చదివింది బీఈడీ చదివే ఒక అమ్మాయి, నేను కారిడార్‌లో కూడా లేను, గేటు దగ్గర ఉన్నాను. 38 మందిలో 21 మంది ఏదో ఒకదానికి "అవును" పెట్టారు. ఒకరు ఖాళీ పేపర్ వేశారు. వచ్చే నెల 9న మళ్లీ వెళ్లి బోర్డు మీద రాసి వస్తానని వాళ్ల క్లాస్ టీచర్‌కి చెప్పి వచ్చాను.

ఫిబ్రవరి విడతకి లేనివాళ్ల ఇళ్లకి వెళ్లాలంటే తోడు కావాలి, పడమటి కర్నూలు గారూ, మీకు మెసేజ్ పెట్టాను.

వినేచెవి

చెప్పుల పిల్లాడు ఎలా ఉన్నాడు?

బడిగంట

వాడితో పేపర్ ఏమీ లేకుండా మాట్లాడాను మేడమ్, చెట్టు కింద, సాయంత్రం బడి వదిలాక. ఎండాకాలం సెలవులు అయిన దగ్గర్నుంచి జరుగుతోందట. విసిరేసిన ఇద్దరితోనూ, వాళ్ల ఇళ్లలోనూ మాట్లాడాం. వారం నుంచి వాడు మధ్యాహ్నం భోజనం దగ్గర ఒంటరిగా కూర్చోవట్లేదు, నేను రోజూ చూస్తున్నాను.