పిండర్ వాక్యంలో ఉన్నది ఒడా, కౌగిలా?

– రెండు రోజులుగా ఒక ప్రాచీన గ్రీకు కవి వాక్యం బుర్రలో తిరుగుతోంది. పిండర్‌ది. పందెం గెలిచినవాడు "నీకే" అనే రెక్కల విజయదేవత ఒడిలో వాలతాడు. ఏ గీతం? "ఒడి" మూలంలో ఉందా?

– నెమియా ఆటల విజేతలకు రాసిన గీతాల్లో ఐదోది, యూథిమెనీస్ అనే విజేత గురించి చెప్పేచోట. అక్కడున్నది "అంకోన్", మోచెయ్యి. మడిచిన చేతుల్లో పడ్డాడంటే కౌగిలే, ఒడి కాదు. పిండర్‌ది డోరిక్ అనే గ్రీకు మాండలికపు పలుకుబడి కాబట్టి ఆయన నోట "నీకే" కాదు, "నీకా".

– మేష్టారూ, ఇస్త్మియా ఆటల గీతాల్లో రెండోది మరిచిపోయారు. ఒలింపియాలో నికోమాకస్ అనే సారథి బంగారు నీకా మోకాళ్ల మీద పడతాడు. "గోను" మన "జాను"కి చుట్టమే. మోకాళ్ల మీద అంటే మనకు ఒడే కదా. సారథి పేరులోనే విజయం ఉంది, పిండర్ అది ఊరికే వదిలేసే కవి కాదు.

– రెండు చోట్లా క్రియ ఒకటే, "పడు". సంస్కృతంలో "పత్" అంటే పడటం, ఎగరడం రెండూను. గ్రీకులో పడటానికీ ఎగరడానికీ ఉన్న మాటలు కూడా ఆ ధాతువువే. రెక్కల దేవత మీద మనిషి పడటం! ఆ జత పిండర్ చెవికి వినిపించే ఉంటుందని నా నమ్మకం.

– "నీకా" అనగానే క్రీ.శ. 532 అల్లర్లలో కాన్‌స్టాంటినోపుల్ జనం వేసిన కేక గుర్తొస్తుంది. అది మాత్రం క్రియ, "గెలువు" అని. రెండూ కలపకండి.

– తెలుగులో విజయలక్ష్మి అంటే సరిపోదా?

– సరిపోదు అక్కా. మన కావ్యాల్లో జయలక్ష్మి వీరుణ్ణి వరిస్తుంది. నీకే ఎవరికీ ఇల్లాలు కాదు. గ్రీకు కవి హెసియడ్ లెక్కలో పాతాళ నది స్టిక్స్ కూతురు, క్రాటోస్ (బలం)కీ బియా (బలాత్కారం)కీ తోబుట్టువు. ఒడిలో పడ్డవాడు వరుడిలా లేడు, అలిసిపోయి అమ్మ దగ్గరికి చేరిన పిల్లాడిలా ఉన్నాడు.

– కానీ లక్ష్మి చంచల కదా! ఏథెన్స్ వాళ్లు నీకేకి రెక్కల్లేని విగ్రహం పెట్టుకున్నది ఎగిరిపోకుండా ఉండాలనేనని గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. భయం ఒకటే.

– అందరికీ కృతజ్ఞతలు. నాకు గుర్తున్న వాక్యంలో బంగారం లేదు, సారథీ లేడు. ఒడి మాత్రం ఉంది.

– అయితే నెమియాదే. అనువాదకుడు చేతుల్ని ఒడి చేసి ఉంటాడు.

– ఒప్పుకోను. ఇస్త్మియా మళ్లీ చదవండి.